జాగారపు దుప్పట్లు

రెండు రోజులు గుర్రబ్బండిలో కుదుపులు తిని, కొండ దాటి, ఆగ్నెస్ హెర్నన్ రాటా ఫ్లాట్ అనే ఊళ్లో దిగింది. దిగీ దిగగానే “మా తమ్ముణ్ణి పట్టించినవాడి మొహం నాకు చూపించండి” అంది. పోయిన వారం కథని అక్కడ ఆపాం. ఆ తమ్ముడు కోల్మన్, ఫ్రాన్స్ మట్టిలో కలిసిపోయి ఆరు నెలలు. న్యూజీలండ్ పడమటి తీరాన వాన వదలని ఆ కలప ఊళ్లో ఇరవై ఇళ్లుంటే ఇరవయ్యీ ఐర్లాండు వాళ్లవే. యుద్ధానికి రమ్మని కోల్మన్ పేరు చీటీలో వచ్చినప్పుడు అతను అడవిలో దాక్కున్నాడు. ఊరంతా ఒక్కటై నాలుగు నెలలు కాపాడింది. ఐదో నెలలో పోలీసులకు చిక్కాడు, వాళ్లు యుద్ధానికి పంపేశారు. ఉప్పందించింది బండి తోలే థాడీ మానియనే అని ఊరు తీర్మానించి, ఇరవై నెలలుగా అతనితో మాట మానేసింది.

అతను కాదని తెలిసిన మనిషి ఆ ఊళ్లో ఒకతే. పూటకూళ్ల సబీనా టాన్సీ.

ఆదివారం పొద్దున పూజలో, పోయినవాళ్ల ప్రార్థనప్పుడు, కోల్మన్ పేరుని ఫాదర్ చదివాడు. పూజ అయ్యాక మగవాళ్లు ఇళ్లకు పోలేదు. చర్చి గోడ పక్కన చూరు కింద గుండ్రంగా నిలబడి, మాట్లాడకుండా చుట్టలు కాల్చారు. మాట్లాడుకుంటుంటే సబీనాకు భయం ఉండేది కాదు. ఇంటికి వచ్చి ఉడకబెట్టాల్సిన బంగాళాదుంపల కంటే రెట్టింపు చెక్కు తీసి, ఎందుకు తీశానా అని వాటి వంక చూస్తూ కూర్చుంది.

“బూట్లు బయట” అంది తల ఎత్తకుండా.

“బయట పెడితే సాయంత్రానికి వాటిలో చేపలు పడతాయి” అన్నాడు టిమ్ క్యుసాక్, బూట్లతోనే లోపలికి వస్తూ. సబీనా దగ్గర పూటకు తినేవాళ్లలో అందరికన్నా పెద్ద. మిల్లులో రంపానికి రెండు వేళ్లు ఇచ్చుకున్నాడు, నోరు మాత్రం ఇచ్చుకోలేదు. పొయ్యి దగ్గర కూర్చున్న ఆగ్నెస్‌ని చూసి టోపీ తీశాడు.

“తినేశాక అందరం మానియన్ ఇంటికి పోతున్నాం తల్లీ. నువ్వు ముందుండాలి. రక్తం నీది, కనక మాట నీది. నువ్వు వెళ్లిపొమ్మంటే వాడు పోవాల్సిందే.”

“నేనింకా ఏ మాటా అన్లేదు కదండీ.”

“అంటావులే.”

“ఏం చేస్తారు అతన్ని?”

“ఏం చేస్తాం! వేలు కూడా వెయ్యం. సామాను ఎత్తుకోమంటాం. బండి పోతుంటే రోడ్డుకి రెండు పక్కలా నిలబడి వీపు తిప్పుకుంటాం. మా నాన్న కాలం నుంచీ అంతేగా.”

“అరవయ్యేళ్ల మనిషి ఎక్కడికి పోతాడు?” అంది ఆగ్నెస్.

“ఆ సంగతి వాడి దోస్తు పోలీసుని అడగాలి” అన్నాడు క్యుసాక్. తర్వాత సబీనా వైపు తిరిగి, “ఏమ్మా, ఆ దుంపలన్నీ మాకేనా, సైన్యానికా?” అన్నాడు.

“నీకైతే సగం చాలవు. పో అవతలికి” అంది సబీనా. గొంతు మామూలుగానే వచ్చింది. అలా మామూలుగా రావడం ఆమెకు అలవాటైపోయింది.

ఆగ్నెస్ లేచి, “కాసేపు మిసెస్ టాన్సీతో ఒక్కదాన్నే మాట్లాడాలండీ” అంది. క్యుసాక్ బల్ల మీద నుంచి రొట్టె ముక్క ఒకటి తీసుకుని, “ఇది పట్టుకుపోతే నేను విననట్టే” అని బయటికి నడిచాడు.

*

ఆగ్నెస్‌కు ముప్పై దాటాయి. క్రైస్ట్‌చర్చ్‌లో పదేళ్లుగా పెద్దింట్లో పనిమనిషి. సబ్బు నీళ్లకు చేతులు మోచేతుల దాకా ఎర్రబడి ఉన్నాయి. కన్నీళ్లు పెట్టుకునే మనిషిలా లేదు. అదే సబీనాకు కష్టంగా ఉంది. ఏడిస్తే దగ్గరికి తీసుకోవచ్చు. దగ్గరికి తీసుకుంటే మాట్లాడక్కర్లేదు.

“ఈ దేశం వచ్చాక వాణ్ణి నేను ఓడ దిగినప్పుడు రెండు రోజులు చూశాను మిసెస్ టాన్సీ. అంతే. మీ ఇంట్లో ఐదేళ్లున్నాడు. సొంత అక్కనై ఉండి మిమ్మల్ని అడగాల్సి రావడం నాకు బాగాలేదు. అయినా చెప్పండి. ఎలా ఉండేవాడు?”

సబీనా కత్తి పక్కన పెట్టింది. ఇది చెప్పడం తేలికే. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదంతే.

“వచ్చిన కొత్తలో చెట్టు కొట్టనన్నాడు” అంది. “మిల్లువాళ్లు గొడ్డలి చేతికిచ్చి చెట్టు ముందు నిలబెడితే టోపీ తీసేశాడంట. అందరూ పడీ పడీ నవ్వారు. రాత్రి నేనడిగాను, ఏంట్రా అదని. ‘మా దీవిలో చెట్టనేది లేదండీ. పడవకి తెడ్డు కావాలంటే సముద్రం కొట్టుకొచ్చిన కొయ్య కోసం ఎదురు చూస్తాం. ఇంత లావు చెట్టుని చూస్తే చర్చికొచ్చినట్టుంది’ అన్నాడు.”

ఆగ్నెస్ నవ్వింది. “నాన్నతో పాటు నాచు మోసేవాడు, రాతి మీద పరిచి మట్టి చెయ్యడానికి. ఆ మట్టిలోనే మా దుంపలు. సముద్రమంటే హడలు వాడికి. ఈత రాదు.”

“ఏరు దాటాలంటే ఇక్కడా అంతే. నా భుజం పట్టుకునేవాడు, ఆరడుగుల మనిషి!” సబీనాకు మాటలు వాటంతటవే వస్తున్నాయి. “ఏడాది తిరిగేసరికి ఈ లోయలో వాడిలా చెట్టు పడగొట్టేవాడు లేడు. నేలలో గుంజ పాతి, చెట్టుని దాని మీదకి పడెయ్యమంటే దాని మీదకే. చలికాలం రాత్రుళ్లు ఉన్ని దారాలు కాలి బొటనవేలికి కట్టుకుని నడుం పటకాలు నేసేవాడు. మగాడివి ఆడపనేంట్రా అని క్యుసాక్ ఏడిపిస్తే, వాడికే ఒకటి నేసిచ్చాడు. ఇప్పటికీ కట్టుకుంటాడు ఆ ముసలాడు, చొక్కా లోపల, కనబడకుండా. పొద్దున్నే రొట్టె కాలుస్తుంటే అంచుముక్క అడిగేవాడు. అంచుముక్క లేకపోతే ఆ రోజు నాతో మాటల్లేవు.”

“పెళ్లి మాట?”

“మిల్లు ఫోర్‌మన్ కూతురంటే కొంచెం ఇష్టంగానే ఉండేది. ఆ పిల్లకి చెప్పేలోగా చీటీ వచ్చింది. ‘మొన్నేగా డబ్లిన్‌లో ఇంగ్లీషువాళ్లు మనవాళ్లని గోడకి నిలబెట్టి కాల్చారు, మళ్లీ వాళ్ల కోసం పోయి నన్ను చావమంటారా’ అని, సంచి సర్దుకుని కొండెక్కేశాడు. నాలుగు నెలలు. నేనూ క్యుసాక్ తిండి చూసేవాళ్లం.”

“పట్టుకుపోయేటప్పుడు చూశారా?”

“చూశాను.”

“ఏమన్నాడు?”

బయట రేకు మీద వాన పెద్దదైంది.

“‘రొట్టె మాడుతోంది మిసెస్ టాన్సీ, చూసుకోండి’ అన్నాడు.”

“అంతేనా?”

“అంతే.”

ఆగ్నెస్ ఆ మాటను రెండుసార్లు పెదవులతో అనుకుంది, దాచుకోవడానికన్నట్టు. ఆ పొద్దున పొయ్యిలో రొట్టె లేదని సబీనా చెప్పలేదు.

*

ఆ దుప్పట్ల సంగతి ఇప్పుడు చెప్పక తప్పదు.

సబీనా పెళ్లికి వాళ్లమ్మ ఇచ్చిన తెల్లటి నార దుప్పట్లు, రెండు. గాల్వే నుంచి పెట్టె అడుగున వచ్చాయి. ఆ లోయలో ఎవరు పోయినా శవాన్ని పడుకోబెట్టిన మంచం చుట్టూ కట్టేవి అవే. శవం పక్కన రాత్రంతా మేలుకుని కూర్చునే జాగారానికని అడిగితే దుప్పటి కాదనకూడదు. శవం ఇల్లు దాటాక, ఆ దుప్పటి ఉతక్కుండా రెండో పొద్దు గుంకకూడదు. సబీనాకు ఇది ఎవరూ నేర్పలేదు. అన్నం తినడం ఎవరు నేర్పుతారు!

ఆమె పెరట్లో బట్టలారేసే తాడు కొండ వైపుకుంటుంది. తాడు మీద తెల్లగుడ్డ కనిపిస్తే కోల్మన్ దిగి రావచ్చు. తాడు ఖాళీగా ఉంటే కదలకూడదు. ఊళ్లో అందరికీ తెలిసిన గుర్తు. ఆ నాలుగు నెలలూ సబీనా తెల్లబట్టలు ఉతికితే వంటింట్లోనే ఆరేసేది.

ఆ వారం ముసలి గిల్లూలీ పోయాడు. రెండు రాత్రుల జాగారం, మర్నాడు ఖననం. సబీనా కన్ను మూయలేదు. ఖననం మర్నాటి పొద్దున మిల్లు రైల్లో ఇద్దరు కొత్త మనుషులు దిగారు, కలప కొంటామని. కలప కొనేవాళ్ల బూట్లు అంత మెరవవని పది గంటలకల్లా ఊరంతటికీ తెలిసింది. సబీనాకూ తెలిసింది. తెలిసే నీళ్లు కాచింది. నెల రోజుల్లో మొదటిసారి ఎండ కాసింది. జాగారపు దుప్పట్లు ఉతికింది, పిండింది, పెరట్లోకి పోయి తాడు మీద ఆరేసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. వచ్చి కుర్చీలో కూర్చుని కునుకు తీసింది.

కుక్కలు మొరిగితే లేచింది. కిటికీలోంచి చూస్తే, కొండదారి సగంలో కోల్మన్. సంచి భుజాన వేసుకుని, తీరిగ్గా, ఎండలో.

పరుగెత్తి దుప్పట్లు లాగేసింది. అప్పటికి అతను కర్రవంతెన మీదున్నాడు. వంతెన ఇవతల మెరిసే బూట్లున్నాయి. ఆ లాగడం అతన్ని ఆపడానికో, తన తప్పు కనపడకుండా దాచడానికో, ఆమె ఇప్పటికీ తేల్చుకోలేకపోయింది. చేతులు విరిచి పట్టుకుపోతుంటే కోల్మన్ ఖాళీ తాడుని చూశాడు, ఆమె చంకలో ఉన్న తడి గుడ్డల్ని చూశాడు. రొట్టె మాట అన్నాడు. ఇంట్లోకి వెళ్లమని చెప్పాడన్నమాట. వాటిని లోపల పెట్టెయ్యమని.

ఆ సాయంత్రం మగవాళ్లంతా ఈ వంటింట్లోనే చేరారు. సబీనా చెప్పేద్దామనే నోరు తెరిచింది. ఈలోగా ఎవరో అన్నారు, మానియన్ బండి వంతెన దాటిన పది నిమిషాలకే పోలీసులు అక్కడున్నారని. ముందురోజు పట్నంలో మానియన్ ఒక కానిస్టేబుల్‌తో కలిసి తాగడం చూశానని ఇంకొకడు. ఇంకేముంది, అన్నారు అందరూ. కాదనడానికి ఒక్క నిమిషం ఉంది. ఆ నిమిషంలో సబీనా అందరికీ టీ పోసింది.

*

“సరే” అంది ఆగ్నెస్. “ఇప్పుడు అసలు మాట. మా తమ్ముడు ఓడ ఎక్కేముందు నాకొక ఉత్తరం రాశాడు. ‘ఎప్పుడైనా ఆ ఊరు వెళ్తే మిసెస్ టాన్సీని కలువు, ఆవిడ అబద్ధమాడదు’ అని. ఈ మగాళ్ల మాట మీద నేనొక మనిషిని ఊళ్లోంచి గెంటించలేను. మీరు అతనే అనండి, నేను ఆ మాట అంటాను. మీరు ఊఁ అంటే చాలు.”

సబీనా ముందున్న దుంపల గిన్నె వంక చూసింది. ఊఁ అనడానికి నోరు తెరవక్కర్లేదు. మానియన్ పోతాడు. పోతే రోజూ ఆ ఖాళీ బండి కిటికీ ముందు నుంచి పోవడం చూడక్కర్లేదు. ఆదివారాలు చర్చిలో అతను ఒక్కడే కూర్చునే బల్ల చూడక్కర్లేదు. నవంబరు గుర్తు రాదు.

నవంబరులో ఆ మాయదారి జ్వరం వచ్చినప్పుడు మానియన్ భార్య నాన్ పోయింది. అతను ఈ గుమ్మం ముందుకి వచ్చాడు. వానలో తడిసి, టోపీ చేతిలో పట్టుకుని. “దుప్పట్లు ఇస్తావా సబీనా, నాన్ పోయింది” అన్నాడు. ఇరవై నెలల్లో అతను ఎవరినైనా ఏదైనా అడగడం అదొక్కసారే. సబీనా తలుపు సగమే తీసింది. వెనక గదిలో మనుషులున్నారు, వింటున్నారు. “తడిగా ఉన్నాయి” అంది. పెట్టెలో మడతలతో, పొడిగా, లావెండర్ వాసనతో ఉన్నాయి. నాన్ చుట్టూ అతను పిండి సంచులు విప్పి కట్టాడంట. జాగారానికి ఎవరూ పోలేదు. జబ్బు భయమని చెప్పుకున్నారు. శవపెట్టె మోయడానికి నలుగురు దొరక్క, ఆ బండి మీదే తను తోలుకుపోయి పాతిపెట్టి వచ్చాడు.

“మిసెస్ టాన్సీ?”

“అతను కాదు.”

అనేశాక తనే ఉలిక్కిపడింది. ఆగ్నెస్ కుర్చీ ముందుకి జరుపుకుంది.

“కాదని ఎలా తెలుసు?”

“తెలుసు.”

“అంటే ఎవరో తెలుసన్నమాట. ఎవరు?”

సబీనా ఇంకో దుంప చేతిలోకి తీసుకుంది.

“చూడండి, మీరు మా తమ్ముడికి తిండి పెట్టారు. మీ మీద నాకు గౌరవం” అంది ఆగ్నెస్ నెమ్మదిగా. “కానీ ఒకటి అడుగుతా. అతను కాదని మీకు ఎప్పటినుంచి తెలుసు? ఇవాళ్టి నుంచా?”

ఎవరు అని అడగడం కంటే ఈ ప్రశ్న వెయ్యి రెట్లు లోతుకి దిగింది. ఆ రోజు జరిగింది పొరపాటు. పొరపాటుకి దేవుడి దగ్గర జవాబు ఉంటుందేమో. ఆ తర్వాత ఇరవై నెలల్లో ప్రతి రోజూ జరిగింది పొరపాటు కాదు.

“మొదటి నుంచీ” అంది సబీనా.

ఆగ్నెస్ ఏదో అనబోయింది. తలుపు దడాల్న తెరుచుకుంది. క్యుసాక్.

“రండి రండి! మనం పోవడమెందుకు, వాడే కదిలాడు. ఎవరు చెప్పారో, అక్క వచ్చిందని తెలిసి బండి కట్టుకున్నాడు. తప్పు లేనోడైతే పారిపోతాడా? చూశావా సబీనా, నేనేమన్నాను?”

*

రోడ్డుకి రెండు పక్కలా అప్పటికే నిలబడ్డారు. వానలో తడిసిన కోట్లు నలభై, టోపీలు నలభై. మిల్లు దిగువ నుంచి బండి వస్తోంది. బండిలో ఒక మంచం చట్రం, ఒక పెట్టె, కోళ్ల గంప, నాన్ కుట్టుమిషను, దాని మీద కప్పిన గోనె. మానియన్ గుర్రం పక్కన నడుస్తున్నాడు. గుర్రం ముసలిది, ఎక్కితే లాగలేదు.

బండి దగ్గరికి రాగానే ఎవరూ చెప్పకుండానే వీపులు తిరిగాయి. ముందు ఇద్దరు, తర్వాత పదిమంది, తర్వాత అందరూ. ఆడవాళ్లు కూడా. అతను ఎవరి వంకా చూడలేదు. గుర్రంతో ఏదో మాట్లాడుతున్నాడు. ఇన్నాళ్లుగా అతనితో మాట్లాడేది అదొక్కటే కాబోలు.

వెలివేసినవాడితో మాట్లాడితే మాట్లాడినవాళ్లకీ అదే వెలి. ఆ ఊళ్లో చంటిపిల్లలకి కూడా తెలుసు. సబీనా చూరు కింద నిలబడింది. బండి తన ఇంటిని దాటడానికి ఇరవై అడుగులుంది. పదిహేనుంది. పూటకి తినే పధ్నాలుగు మంది, రేపు ఆ బల్ల దగ్గర ఎవరూ ఉండరు. ఈ ఇల్లు తప్ప ఆమెకి ఈ భూమ్మీద ఇంకోటి లేదు. భర్త సమాధి ఇక్కడే.

పదడుగులు.

బురదలోకి దిగింది. తల మీద ఏమీ కప్పుకోకుండా నడిచి వెళ్లి గుర్రం కళ్లెం పట్టుకుంది. గుర్రం ఆగింది. వెనకాల ఆగ్నెస్ అడుగుల చప్పుడు వినిపించింది. చుట్టూ ఉన్న వీపుల్లో ఒక్కటి కూడా కదల్లేదు, కానీ ఊపిరి బిగబట్టాయని తెలుస్తూనే ఉంది.

మానియన్ ఆమె వంక చూశాడు. గడ్డం పెరిగి, కళ్లు లోపలికి పోయి, ఆమె ఎరిగిన మనిషిలా లేడు. ఆమె చెయ్యి కళ్లెం మీద నుంచి మెల్లిగా విడిపించబోయాడు.

“వదులు సబీనా” అన్నాడు గొంతు తగ్గించి. “వానలో తడుస్తావు.”

“థాడీ, నేను నీకొకటి చెప్పాలి.”

“చెప్పక్కర్లేదు. నాకు తెలుసు.”

ఆమెకు అర్థం కాలేదు.

“ఆ పొద్దున మీ పెరటి దారినే బండి తోలుకుంటూ వచ్చాను. దుప్పట్లు చూశాను” అన్నాడు. “అంతా బాగానే ఉంది కాబోలు, కుర్రాడు భోజనానికి వస్తున్నాడనుకున్నాను. వంతెన దాటాక తెలిసింది.”

ఇరవై నెలలు. ఖాళీ బల్ల, ఖాళీ బండి, సగం తెరిచిన తలుపు. అన్నాళ్లూ ఆ మనిషికి తెలుసు. తడిగా ఉన్నాయి అన్నప్పుడూ తెలుసు.

“మరి ఎందుకు చెప్పలేదు?” అంది. గొంతు ఆమెదిలా లేదు. “ఒక్క మాట చెప్తే పోయేది కదా! నాన్‌కైనా... నాన్‌కైనా నలుగురు వచ్చేవాళ్లు కదా!”

“నాన్ కూడా అదే అడిగింది” అన్నాడు మానియన్. “నీ పేరు చెప్పి బయటపడితే, వాళ్లు నన్ను ఏమన్నారో అదే అయ్యేవాణ్ణి. ఉప్పందించడం మా ఇంటా వంటా లేదు సబీనా. పోనీ. నేను పోతున్నాగా. నువ్వు ఇక్కడ బతకాలి. నోరు మూసుకుని లోపలికి పో.”

అతను కళ్లెం లాగాడు. సబీనా వేళ్లు వదల్లేదు.

“ఏ దుప్పట్లు?” అంది ఆగ్నెస్.

ఇద్దరూ ఆమెను మర్చిపోయారు. ఆమె సబీనా భుజం వెనకే ఉంది. ఎర్రటి చేతులు రెండూ శాలువా అంచుని బిగించి పట్టుకున్నాయి.

“ఏ దుప్పట్లు మిసెస్ టాన్సీ? తాడు మీద తెల్లగుడ్డ అని వాడు నాకు రాశాడు. పోలీసులున్న రోజున మీ తాడు మీద దుప్పట్లెందుకున్నాయి?”

మానియన్ “అమ్మాయ్, వద్దు” అన్నాడు. సబీనా తల అడ్డంగా ఊపి అతన్ని ఆపింది. రోడ్డుకి అటూ ఇటూ చూసింది. ఎవరి కోటు ఏదో ఆమెకు తెలుసు, సగం కోట్లకి గుండీలు కుట్టింది తనే. క్యుసాక్ వీపు అందరికన్నా దగ్గరగా ఉంది.

“టిమ్” అని పిలిచింది. “అందరూ ఇటు తిరగండి. కోల్మన్‌ని పట్టించింది ఎవరో చెప్తాను.”

క్యుసాక్ తల కొద్దిగా కదిలింది. మళ్లీ స్థిరంగా నిలిచింది.

ఎవరూ తిరగలేదు.